డ్రోనులును ఆకాశమందలి వంతునీరును

గడచిన కందిపంట కాలమున కంబదూరు చెంత మా సంఘసభ్యుల పొలములలో ఒక సంగతి జరిగెను. దానిని దాచుటకంటె చెప్పుటయే మేలని తలచి యిచ్చట వ్రాయుచున్నాము. కంది పూతమీద నుండెను, పచ్చపురుగు కనబడెను. కంది మనిషియెత్తు పెరిగిన పిమ్మట వీపున డబ్బా కట్టుకొని సాళ్లలో దూఱి మందు కొట్టుట ఎంత కష్టమో, ఆ మందు కొట్టువాని మొగముమీదనే పడుట ఎంత కీడో రైతులకు మేము చెప్పనక్కరలేదు. కావున కొందఱు సభ్యులు కలిసి మందుకొట్టు డ్రోనును బాడుగకు పిలిపించిరి. అదే ఉదయమున గట్టుకు ఆవలి రైతులును వేఱొక డ్రోనును పిలిపించిరి. ఇరువురు నడుపువారును ఒకే వేపచెట్టు నీడన నిలిచి తమ యంత్రములను లేపిరి.

మావారి యంత్రము నాలుగవ వరుస ముగించి తిరుగుచుండగా ఉన్నట్టుండి గాలిలో నిలిచిపోయెను. నడుపువాడు మీటలు త్రిప్పెను గాని యంత్రము వినలేదు. కొంతసేపటికి అది తనంత తానే బయలుదేరిన చోటికి మరలెను. త్రోవలో ఒక చింతచెట్టు కలదు. దాని కొమ్మకు తగిలి క్రిందపడెను. డబ్బా పగిలి మందు ఒలికెను. ఆ చోటికి ఇరువది గజముల దిగువను మేకలు నీరు త్రాగు కుంట యున్నది. అక్కడనున్న వారు పరుగున పోయి మట్టికట్ట వేసి మందును ఆపిరి. తడిసిన మట్టిని త్రవ్వి దూరముగా పూడ్చిరి. రెండు దినములు మేకలను ఆ దిక్కునకు పోనీయలేదు. ఎవరికిని హాని కలుగలేదు. అది మన అదృష్టమే గాని మన తెలివి కాదు.

పిదప విచారింపగా మూడు తప్పులు బయటపడెను. రెండవ నడుపువాడు దూరము పెంచుకొనుటకై తన చేతిపెట్టెకు ఒక బలము హెచ్చించు సాధనమును తగిలించియుండెను. ఇరువురును ఒకే రేడియో పట్టీని, ఒకే చోట, ఒకే వేళ వాడిరి. మావారి యంత్రము మరలివచ్చు ఎత్తును చింతచెట్టుకంటె తక్కువగా పెట్టియుండిరి. మూడును మనుష్యుల తప్పులే. యంత్రము తనకు చెప్పినట్లే చేసినది.

నాడు అక్కడ నిలిచిన ఒక ముసలిరైతు మమ్ము అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. “అయ్యా, ఎద్దుకు ముకుతాడున్నది. దీనికి తీగ లేదు, తాడు లేదు. ఇది మాట వినుట దేనివలన? వినకపోవుట దేనివలన?” అని ఆయన అడిగెను.

కంటికి కనబడని ముకుతాడు

డ్రోనునకు ముకుతాడు రేడియో తరంగమే. నడుపువాని చేతిపెట్టెనుండి ఆజ్ఞ తరంగరూపమున పోవును. తానెంత ఎత్తున నున్నదో, బ్యాటరీ ఎంత మిగిలియున్నదో యంత్రము మరల తరంగము ద్వారముననే తెలుపును. కెమెరా యున్నచో దాని బొమ్మయు అట్లే వచ్చును. ఇవిగాక తానెక్కడ నున్నదో తెలిసికొనుటకై 20,000 కిలోమీటర్లకు మించిన ఎత్తున తిరుగు ఉపగ్రహముల పలుకును యంత్రము వినుచుండును. జి.పి.ఎస్. ఉపగ్రహముల ముఖ్యమైన పలుకు 1575.42 మెగాహెర్ట్జుల వద్ద నుండును. అంత దూరమునుండి వచ్చునది గనుక నేలను చేరునప్పటికి అది మిక్కిలి సన్నగిలియుండును.

మెగాహెర్ట్జు అనగా సెకండునకు పదిలక్షల కంపనములు. ఈ కంపనముల లెక్కకు పౌనఃపున్యమని పేరు. డ్రోనులు సాధారణముగా 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టీని గాని, 5800 మెగాహెర్ట్జుల ప్రాంతపు పట్టీని గాని వాడును. మొదటిదాని అలపొడవు సుమారు 5 అంగుళములు. రెండవదానిది సుమారు 2 అంగుళములు. ఇట్టి కురుచ అలలు తిన్నగా పోవునే గాని గుట్టను చుట్టి రావు. గుబురుగానున్న పచ్చనిచెట్టు గాని, ఇనుపరేకుల కొట్టము గాని అడ్డువచ్చినచో వాని బలము తఱుగును. అడ్డమేమియు లేకున్నను, దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగును. మూడింతలైనచో తొమ్మిదవ వంతగును. అందుచేతనే నడుపువానికి యంత్రము ఎల్లప్పుడును కంటికి కనబడుచుండవలెనని చెప్పుట.

సంతలో ఇద్దఱు ఒకేసారి ఒకే గొంతుతో కేకవేసినచో వినువానికి ఏ మాటయు తెలియదు. తరంగముల సంగతియు అంతే. నేటి చేతిపెట్టెలలో పెక్కు ఒకే పౌనఃపున్యమున నిలువక సెకండునకు పలుమారులు గొంతు మార్చుచు పలుకును. దీనివలన కొంత మేలు కలదు. అయినను సంత క్రిక్కిఱిసినప్పుడు ఎన్ని గొంతులు మార్చినను లాభముండదు. పక్కవాడు డప్పు వాయించుచున్నచో అసలే వినరాదు. ఆ నాటి బలము హెచ్చించు సాధనము అట్టి డప్పే.

చెఱువును, నీరుగంటియు

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో వేరుశనగను, కందిని నమ్ముకొని బ్రదుకు ఈ ఎఱ్ఱనేలలవారికి పంపకమనిన నేమో ఒకరు నేర్పనక్కరలేదు. చెఱువులో నీరు కొలదిగా నున్నప్పుడు తూము దగ్గఱివాడు తన మడి నిండించుకొనినచో చివరి ఆయకట్టు ఎండును. కావుననే మన పెద్దలు వంతులు పెట్టిరి, నీరుగంటిని నిలిపిరి. ఆకాశతరంగములును అట్టివే. ఒక తేడా మాత్రము కలదు. చెఱువునీరు వాడినచో తఱిగిపోవును. తరంగము తఱుగదు, ఇద్దఱు ఒకేవేళ ఒకేచోట వాడినచో ఇద్దఱికిని చెడును, ఒకరి పిమ్మట ఒకరు వాడినచో ఇద్దఱికిని నిండుగా దక్కును.

లోకమంతటికిని ఈ పంపకమును చూచు సంస్థ ఒకటి కలదు. 1865లో పారిసు నగరమున తంతివార్తల కొఱకు ఏర్పడిన సంఘమే నేటి అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము. దేశములన్నియు కొన్నియేండ్ల కొకసారి దాని సభలో కూడి ఏ పట్టీ ఏ పనికో నిర్ణయించుకొనును. పైలటులేని విమానములను నడుపుటకు నేలమీది కేంద్రములకు 34 మెగాహెర్ట్జులును, ఉపగ్రహముల ద్వారమున నడుపుటకు 56 మెగాహెర్ట్జులును కావలసియుండునని ఆ సంస్థ 2009లో అంచనా కట్టెను. 2012లో జెనీవాలో కూడిన సభ 5030 మొదలు 5091 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టీలో ఈ పనికి చోటు చూపెను. అమెరికా దేశమువారు 2024 ఆగస్టులో ఆ పట్టీకి నియమములు చేసిరి. అందు కొంతభాగమును ఎవరికిని శాశ్వతముగా నీయక, అడిగినవారికి ఆ స్థలమునకు, ఆ వేళకు మాత్రము తాత్కాలికముగా వంతు చూపు యంత్రపద్ధతిని తలపెట్టిరి. చదువరులు గమనింతురు గాక: అది మన నీరుగంటి పనియే. మన తాతలు తూము దగ్గఱ కనిపెట్టినదానిని వారు ఆకాశమునకు ఎక్కించుచున్నారు.

మన దేశమున ఈ తరంగముల మీద అధికారము ప్రభుత్వమునకు 1885 నాటి తంతి చట్టమువలనను, 1933 నాటి వైర్‌లెస్ చట్టమువలనను నడచుచు వచ్చెను. వానికి మాఱుగా పార్లమెంటు 2023లో క్రొత్త టెలికమ్యూనికేషనుల చట్టమును చేసెను. పంపకపు పనికై 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము కేంద్ర టెలికమ్యూనికేషనుల శాఖలో నున్నది. 1995 ఫిబ్రవరి 9వ తేదీని సుప్రీముకోర్టు ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని తీర్పు చెప్పెను. అనగా కంబదూరు రైతునకును అందు పాలు కలదు. పాలుగలవానికి బాధ్యతయు కలదు.

ఊరుమ్మడి బీడు

మన డ్రోనులు వాడు పట్టీలకు లైసెన్సు అక్కరలేదు. 2400 ప్రాంతపు పట్టీని ప్రభుత్వము 2005లో లైసెన్సునుండి తప్పించెను. 5725 మొదలు 5875 మెగాహెర్ట్జుల వఱకు గల పట్టీని 2018లో తప్పించెను. దీనిని ఊరుమ్మడి బీడుతో పోల్చవచ్చును. ఎవరి పశువులైనను మేయవచ్చును. ఎవరికిని పట్టా లేదు. ఈ పట్టీలలో ఇతరులకు అడ్డు కలిగింపరాదు. ఇతరులవలన తనకు అడ్డు కలిగినచో రక్షణ కోరుటకు హక్కు లేదు. అందుచేత ఆనాడు చింతచెట్టుక్రింద పడిన యంత్రమునుగూర్చి మా నడుపువాడు తన తరంగము పాడయ్యెనని ఏ కచ్చేరిలో మొఱపెట్టుకొనినను ఫలము చిక్కుట దుర్లభము.

అట్లని బీడునకు కట్టుబాటు లేకపోలేదు. 2400 పట్టీలో ఆంటెన్నానుండి వెలువడు బలము 4 వాట్లకు మించరాదు. ఆ సాధనమునకు ఈక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ అను అనుమతి యుండవలెను. ఈ బీడులో మేయునవి డ్రోనులు మాత్రమే కావు. ఇండ్లలోని వైఫై పెట్టెలు, చెవిలో పెట్టుకొను బ్లూటూత్ సాధనములు ఇచ్చటనే పలుకుచున్నవి. వైఫై పెట్టె సాధారణముగా 20 మెగాహెర్ట్జుల వెడల్పు పట్టును. ఈ పట్టీ మొత్తము 83.5 మెగాహెర్ట్జులే గనుక, వైఫై పెట్టెలు సాధారణముగా వాడు ఏర్పాటులో ఒకదాని నొకటి తగులని కాలువలు మూడే ఏర్పడును. దీనికి పక్కనే 2300 మొదలు 2400 మెగాహెర్ట్జుల వఱకు సెల్‌ఫోను కంపెనీల గొప్ప బలము పాఱుచుండును. అందువలన సెల్‌ఫోను స్తంభము క్రింద నిలిచి డ్రోను నడుపుట, పారుచున్న పెద్దకాలువ గట్టున చిన్నబోదెను తవ్వుకొనుట వంటిది.

మఱియొక మోసము కలదు. డ్రోనుతో మాటాడుటకు 915 మెగాహెర్ట్జుల చిన్నరేడియోలు అమెరికాలో విరివిగా వాడుదురు. అక్కడ అది చెల్లును. మన దేశమున ఆ ప్రాంతము సెల్‌ఫోనులకు చెందినది. చవుకగా దొరకెనని అట్టిదానిని తగిలించినచో ఊరి ఫోనులకు అడ్డు కలుగును, చట్టమును మీఱినట్లగును. మన దేశమున అట్టి చిన్న పలుకుబడికి 865 మొదలు 868 వఱకు గల పట్టీ లైసెన్సు లేకయే యున్నది.

తెలుగునాట జరిగినవి

ఏర్పాటు ముందుగా చేసికొనినచో ఈ యంత్రములు ఎంత పని చేయగలవో తెలుగువారు కన్నులార చూచిరి. 2021 సెప్టెంబరు 11వ తేదీని తెలంగాణములోని వికారాబాదులో డ్రోనులచే మందులను, టీకాలను ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు పంపు ప్రయత్నము మొదలయ్యెను. నడుపువాని కంటిచూపుకు ఆవల ఎగురవలసిన పని గనుక దానికి ప్రత్యేకముగా అనుమతి పొందిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు పడవలు పోలేని మేడలమీదికి డ్రోనులు ఆహారపు పొట్లములను చేర్చెను. ఆ సంవత్సరమే అక్టోబరు 22వ తేదీని విజయవాడ కృష్ణాతీరమున 5,500 డ్రోనులు ఒక్కసారి ఆకాశమున దీపములవలె నిలిచి బొమ్మలు కట్టెను.

రెండు డ్రోనులు ఒక పొలముమీద పోట్లాడగా, వేలకొలది యంత్రములు ఒక ఘాటుమీద ఎట్లు ఇమిడెనని కొందఱు మమ్ము అడిగిరి. ఇట్టి ప్రదర్శనలలో ప్రతి యంత్రముయొక్క త్రోవయు ముందుగానే దాని బుఱ్ఱలో నింపియుంతురు. ఎగురునపుడు అవి మాటాడునది మిక్కిలి తక్కువ. బొమ్మలు పంపుట లేదు. అన్నియు ఒక్క చేతిక్రింద నడచును. అల్పముగా మాటాడుట, ముందుగా నిర్ణయించుకొనుట, ఒక్కరి యాజమాన్యము: ఈ మూడే ఆ రహస్యము. సహకారసంఘమున కిది క్రొత్త పాఠము కాదు.

సంఘములు చేయదగిన పనులు

మా యనుభవముచేతను, తెలిసినవారి సలహాచేతను ఈ క్రింది పద్ధతిని సంఘముల ముందు పెట్టుచున్నాము.

1. వంతుల పుస్తకము. డ్రోనును పిలిపించు సభ్యుడు తేదీని, వేళను, పొలమును ముందునాడే సంఘ కార్యదర్శికి తెలుపవలెను. పక్కపొలములకు ఒకేవేళ రెండు వంతులు రాకుండ కార్యదర్శి చూడవలెను. మనకు సభ్యులు కాని పొరుగువారికిని వర్తమానము పంపుట మంచిది. తరంగమునకు సభ్యత్వము తెలియదు.

2. తప్పనిసరియై రెండు యంత్రములు లేపవలసినచో ఒకటి 2400 పట్టీలోను, రెండవది 5800 పట్టీలోను నడుపవలెను. నడుపువారు ఒకే చెట్టునీడను కోరక దూరదూరముగా నిలువవలెను.

3. కాగితములు. 2021 డ్రోను నియమముల ప్రకారము యంత్రమునకు గుర్తింపు సంఖ్యయు, నడుపువానికి పైలటు సర్టిఫికెట్టును ఉండవలెను. 250 గ్రాములకు లోపటి చిన్నవానికి పైలటు సర్టిఫికెట్టు అక్కరలేదు గాని మందుకొట్టునవి అంతకంటె మిక్కిలి బరువైనవి. రేడియోకు టైప్ అప్రూవల్ కలదా యనియు అడుగవలెను. బలము హెచ్చించు సాధనములు తగిలించినవానిని పొలములోనికి రానీయరాదు.

4. పటము. డిజిటల్ స్కై అను ప్రభుత్వ పటమున మన పొలము పచ్చని భాగమున నున్నదా యని చూడవలెను. పచ్చని భాగమున సాధారణముగా 400 అడుగుల ఎత్తువఱకు ప్రత్యేకానుమతి లేకయే ఎగురవేయవచ్చును. మందుకొట్టుటకు పైరుమీద ఒకటి రెండు గజముల ఎత్తు చాలును.

5. మరలివచ్చు ఎత్తు. పొలము చుట్టునుగల చెట్లలోను, కరెంటు స్తంభములలోను అన్నిటికంటె ఎత్తైనదానిని చూచి, దానికి మించిన ఎత్తునే పెట్టవలెను. రైతు తానే వ్రేలితో చూపి “ఈ చింతచెట్టు కలదు” అని నడుపువానికి చెప్పవలెను. అతడు పరాయి యూరివాడు, చెట్టు మనది.

6. ఉత్తనీటి పరీక్ష. మందు పోయకమునుపు, మనుష్యులు లేని బయలులో ఉత్తనీటితో లేపి, నడుపువానిచేతనే చేతిపెట్టెను ఆర్పించి, యంత్రము తిన్నగా మరలి వచ్చునో లేదో చూడవలెను. దీనికి అయిదు నిమిషములు పట్టును.

7. త్రాగునీరు. కుంటకు గాని, బావికి గాని, పశువుల తొట్టికి గాని పైగా యంత్రము పోవు త్రోవను పెట్టరాదు. ముందురోజే ఊరిలో చాటింపు వేయించి పశువులను ఆ దిక్కు పోనీయకుండ చూడవలెను.

కొందఱు సభ్యుల ఆక్షేపణ

ఊరికి ఏడాదికి రెండు మూడు మారులు వచ్చు యంత్రమున కింత తంటాయేల యని కొందఱు సభ్యులు మా యెదుటనే యనిరి. మాట న్యాయముగనే తోచును. కాని పదియెకరముల ఆయకట్టున్న కుంటకు నీరుగంటి అక్కరలేదు. ఆయకట్టు నూఱెకరములైన పిమ్మట నీరుగంటిని పెట్టబోయినచో అప్పటికే తలలు పగిలియుండును. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనులిచ్చు పథకమును అంగీకరించెను. యంత్రము ఖరీదులో నూటికి 80 వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సహాయముగా నీయ నిర్ణయించిరి. ఇకమీదట మన అక్కచెల్లెండ్రే నడుపువారగుదురు. యంత్రములు పొరుగూరినుండి గాక మన ఊరినుండియే లేచును. వంతులు నేర్చుకొనుటకు ఇదియే అదను.

వంతు కాచుటవలన నష్టమెంతయో లెక్కవేసి చూతము. పదిలీటర్ల డబ్బాగల యంత్రము ఎకరమునకు సుమారు పదినిమిషములలో మందు కొట్టును. అయిదెకరముల పొరుగువాని కొఱకు కాచినను గంటకు మించదు. కాచకున్నచో పోవునది లక్షల ఖరీదుగల యంత్రము, మేకలు త్రాగు కుంట, ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణము.

ఇంకొక భయమును కూడ చెప్పి విరమింతుము. ఊరుమ్మడి బీడును ఊరివారే పాడుచేసికొనినచో, కంచె వేసి తన కిమ్మని ధనవంతు డడుగును. పాడైన బీడుకంటె కంచె మేలని అధికారులును తలంతురు. సొంత పట్టీ కొనగల గొప్ప కంపెనీ డ్రోను నిరాటంకముగా ఎగురును. సన్నరైతుల సంఘపు డ్రోను నేలనే కూర్చుండును. ఉచితమైన పట్టీ ఉచితముగా నిలుచుట మన నడవడిమీద ఆధారపడియున్నది.

డ్రోను కఱవును తీర్చదు. వాన లేని యేడు దానికి చేయు పనియు లేదు. కాని వాన కురిసి, పూతనిలిచి, పురుగు పడిన ఆ పదిదినములలో అది రైతు వీపుమీది విషపుడబ్బాను దించగలదు. ఆ మేలును చేజేతుల పోగొట్టుకొనకుండ, వచ్చు సర్వసభ్యసమావేశమున వంతుల పుస్తకమును పెట్టుటను గూర్చి ప్రతిసంఘమును తీర్మానము చేయవలెనని మా మనవి. ప్రశ్న యడిగిన ముసలిరైతునకు మేమాదినమున పూర్తిగా జవాబు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పుచున్నాము: ముకుతాడున్నది, అది ఊరందఱికిని ఒక్కటే.